పైసలు పడ్డయా?

రిబేటు అనే మాటను తెలుగువాళ్ళ నోటికి అలవాటు చేసింది బట్టల కొట్లు. అక్టోబరు రెండో తేదీ దగ్గర పడుతుందంటే ఖాదీ భండార్ల ముందు, ఆప్కో షాపుల ముందు బ్యానర్లు లేచేవి. 20 శాతం రిబేటు. దుప్పట్లు, తువ్వాళ్ళు, లుంగీలు, ఇంట్లో పెళ్ళి ఉంటే పెట్టుబడి చీరలు కూడా అప్పటిదాకా ఆపి, ఆ కాసిని రోజుల్లో కొనేవాళ్ళు. కొందరు గవర్నమెంటు ఉద్యోగులకైతే అది ఏడాదికోసారి తప్పనిసరి తీర్థయాత్ర.

నిఘంటువు ప్రకారం రిబేటు అంటే ముందు పూర్తి ధర కట్టి, తర్వాత అందులో కొంత వెనక్కి తీసుకోవడం. మన చేనేత రిబేటు అలా ఉండేది కాదు. బిల్లులోనే కోసేసేవాళ్ళు. కొనేవాడి వైపు నుంచి చూస్తే అది వట్టి డిస్కౌంటే. మరి రిబేటు అన్న పేరెందుకు? వెనక్కి రావలసిన డబ్బు నిజంగానే ఒకటి ఉంది కాబట్టి. అయితే అది రావలసింది కొన్నవాడికి కాదు, అమ్మిన సంఘానికి.

దీని వెనక కథ 1950ల నాటిది. మిల్లు బట్ట చవగ్గా దొరుకుతుంటే మగ్గం బట్ట నిలవలేకపోతోందని 1952లో అఖిల భారత చేనేత బోర్డు పెట్టారు. 1953లో పార్లమెంటు ఒక చట్టం చేసి మిల్లు బట్ట మీద అదనపు ఎక్సైజు సుంకం వేసింది. ఆ సొమ్ము ఖాదీకి, చేనేతకి వెళ్ళాలి. అలా వెళ్ళిన దారుల్లో రిబేటు ఒకటి. మిల్లు చీర కొన్నామె కట్టిన సుంకం, చేనేత చీర కొన్నామె బిల్లులో తగ్గింపుగా తేలేదన్నమాట. ఆలోచన చక్కనిదే. ఆచరణలో మాత్రం సంఘం ముందు తన సొమ్ములోంచి తగ్గించి అమ్మాలి, బిల్లుల నకళ్ళు జతచేసి ప్రభుత్వానికి క్లెయిము పెట్టుకోవాలి, ఆ తర్వాత ఎదురుచూడాలి. క్లెయిములు నెలల తరబడి ఆగేవి. సంఘం దగ్గర డబ్బు ఆడకపోతే నూలు కొనలేదు, నూలు లేకపోతే మగ్గానికి పనుండదు. అక్టోబరులో కొన్న దుప్పటి మీద మిగిలిన ఇరవై శాతం చాలాకాలం పాటు నేతగాడి ఇంట్లో అప్పుగా ఉండేది.

కొనేవాళ్ళు ఏం చేశారు? ఎదురుచూడటం నేర్చుకున్నారు. రిబేటు రోజుల్లో కొట్టు కిటకిటలాడేది, మిగతా రోజుల్లో సేల్స్‌మాన్ ఈగలు తోలుకునేవాడు. అమ్మకాలు కొత్తగా పుట్టినవి కొన్నే, చాలావరకు ఒక నెలలోంచి ఇంకో నెలలోకి జరిగినవి. కానీ ఎవర్ని అడిగినా "చేనేత మీద అభిమానంతో కొంటాం" అనే చెప్పేవాళ్ళు. అబద్ధం కాదది. అభిమానం ఉండేది, బ్యానరు లేచేదాకా ఆగేది, అంతే. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. చేనేతలో 1989-90 ప్రాంతంలో ప్రత్యేక రిబేటు స్థానంలో మార్కెట్ డెవలప్‌మెంట్ అసిస్టెన్స్ తెచ్చారు. ఖాదీలో అదే పని 2010లో జరిగింది. సాయాన్ని అమ్మకం మీద కాకుండా ఉత్పత్తి మీద లెక్కగట్టి, వడికేవాళ్ళకీ నేసేవాళ్ళకీ ఒక వాటా పెట్టారు. అయినా అక్టోబరు రెండున కొట్టుకెళ్ళి "ఈసారి రిబేటు ఎంత?" అని అడిగే అలవాటు మాత్రం పోలేదు.

ఇలాంటివి చదువుతూ పోతే నాకు తోచేది ఒకటుంది. ప్రతి రిబేటులోనూ ఎవరో ఒకరు ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపు ఎవరి నెత్తిన పడిందో చూస్తే మిగతా కథంతా తెలిసిపోతుంది.

ఎదురుచూడటమే జనానికి ఇష్టమైన ఒక రిబేటు కూడా చరిత్రలో ఉంది. 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి టోడ్ లేన్ అనే సందులో కొట్టు పెట్టారు. పిండి, వెన్న, చక్కెర లాంటి సరుకులు. సహకారోద్యమం అంటే అందరూ చెప్పుకునే కొట్టు అదే. వాళ్ళు ధర తగ్గించలేదు. బజారు ధరకే అమ్మి, మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత కొన్నారో అంత నిష్పత్తిలో తర్వాత పంచారు. దాన్ని జనం ముద్దుగా 'డివి' అన్నారు. నెలనెలా చేతిలో మిగలని డబ్బు అలా ఒక్కచోట పోగై వచ్చేది. పిల్లల బూట్లు, చలికోట్లు దాంతో కొనేవాళ్ళు. ఆ సభ్యత్వపు నంబరును ముసలితనం వచ్చినా మర్చిపోని బ్రిటిష్ వాళ్ళు ఎందరో. అమ్మ సరుకులకు పంపిస్తే కౌంటరు దగ్గర చెప్పాల్సిన నంబరు కదా, ఎక్కాల్లాగా నోటికి వచ్చేసేది. అంటే మనుషులు పుట్టుకతోనే మతిమరుపు వాళ్ళు కారు. తమ కొట్టు, తమ నంబరు, తమ లెక్క అనుకున్నప్పుడు గుర్తుంటుంది.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వస్తాను. పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి వెళ్ళే దారిలో ఉంటుంది భానూర్. క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ యూనిట్ ఒకటి ఇక్కడుంది. ఊరి పేరు పేపర్లో వచ్చేది ఎక్కువగా దానివల్లే. ఇంకొంచెం ముందుకెళ్తే ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. వెనక్కొస్తే పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలు. పర్మినెంటు ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, ఇంకా కాస్త పొలం చేసుకునేవాళ్ళు, ఒడిశా బిహార్‌ల నుంచి వచ్చి రూముల్లో ఉండేవాళ్ళు, అందరూ ఒకే రోడ్డు మీద కనిపిస్తారు. ఇక్కడి రిబేటు బట్టల మీద కాదు. గ్యాస్ సిలిండర్ మీద.

గ్యాస్ మీద సబ్సిడీ ఎప్పట్నుంచో ఉంది. కానీ అది చాలాకాలం ధరలోనే కలిసి ఉండేది. మన చేతిలో పెట్టిన బిల్లే తగ్గింపు ధర. 2012 సెప్టెంబరులో ఏడాదికి ఇన్నే సబ్సిడీ సిలిండర్లు అని మొదటిసారి పరిమితి పెట్టారు. ముందు ఆరు, తర్వాత తొమ్మిది, 2014 వచ్చేసరికి పన్నెండు. అసలు మార్పు 2013 జూన్ 1న మొదలైంది. సిలిండర్‌కి బజారు ధర మొత్తం కట్టు, సబ్సిడీ నీ బ్యాంకు ఖాతాలో పడుతుంది అన్నారు. తొలి విడత జిల్లాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి ఐదు: హైదరాబాద్, రంగారెడ్డి, అనంతపురం, చిత్తూరు, తూర్పు గోదావరి. భానూర్ అప్పుడు మెదక్ జిల్లా, ఆ జాబితాలో లేదు. ఈ రోడ్డు చివరున్న శంకర్‌పల్లి రంగారెడ్డి జిల్లా, జాబితాలో ఉంది. అలా ఒకే రోడ్డు మీద కొన్ని కిలోమీటర్ల తేడాలో ఒకచోట పాత పద్ధతి, ఇంకోచోట కొత్తది. పథకం 2014 మొదట్లో ఆగింది, మళ్ళీ అదే ఏడాది నవంబరు 15న కొన్ని జిల్లాల్లో, 2015 జనవరి 1 నుంచి దేశమంతటా పహల్ అనే పేరుతో వచ్చింది.

సబ్సిడీ అలా అసలైన రిబేటుగా మారింది. నిఘంటువులో ఉన్న రిబేటు. ఎదురుచూపు సంఘం నెత్తి మీంచి దిగి కొనేవాళ్ళ నెత్తికెక్కింది.

ఆ బరువు ఎంతో కాగితాలు రాసినవాళ్ళకి తెలుసు. అందుకే పథకంలో చేరిన ప్రతి ఇంటికీ 568 రూపాయలు ముందస్తుగా, ఒక్కసారి, ఖాతాలో వేశారు. మొదటి సిలిండర్‌కి పూర్తి ధర కట్టడానికి చెయ్యి ఆడాలని. ఈ చిన్న వివరం నాకు చాలా నచ్చుతుంది. ముందు కట్టి తర్వాత తీసుకోవడం అనేది లెక్కలో సున్నా అయినా, జేబులో సున్నా కాదని ఒప్పుకోవడం అది. కాకపోతే ఆ 568 ఖాతాలో పడిన రోజే ఇంకేదో అవసరానికి పోయుంటుంది. సిలిండర్‌కని దాచిపెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి నమస్కారం.

కొనేటప్పుడు "తర్వాత వస్తాయిలే" అనుకోవడం, తర్వాత అవి వచ్చాయో లేదో చూడకపోవడం. దీనిమీద అమెరికాలో గట్టి పరిశోధనలే జరిగాయి. అక్కడ సరుకు కొన్నాక ఒక ఫారం నింపి పోస్టులో పంపిస్తే చెక్కు వచ్చే రిబేట్లు ఒకప్పుడు విపరీతంగా ఉండేవి. జాషువా టాసాఫ్, రాబర్ట్ లెట్జ్‌లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఫారం పంపించి డబ్బు తీసుకుంటారా అని పాల్గొన్నవాళ్ళనే ముందుగా అడిగారు. వాళ్ళు వేసుకున్న అంచనాకీ, నిజంగా పంపినవాళ్ళ సంఖ్యకీ మధ్య తేడా దాదాపు 49 శాతం పాయింట్లు. వేరే బృందం ఇంతకుముందు ఎంత తక్కువ పంపిందో చెప్పి చూశారు, మార్పు లేదు. "గడువు దగ్గర పడుతోంది" అని గుర్తుచేసి చూశారు, మార్పు లేదు. పనిని సులువు చేస్తే మాత్రం పంపినవాళ్ళు పెరిగారు. ఎదుటివాళ్ళు ఎంత బద్ధకస్తులో చెప్పినా "నేను అలా కాదులే" అనుకుంటామన్నమాట.

గ్యాస్ సబ్సిడీకి ఇది వర్తించదు కదా, ఫారమే లేదు, డబ్బు దానంతటదే పడుతుంది అనొచ్చు. నిజమే. ఆధార్ ఒకసారి లింకయ్యాక మనం చేయాల్సిన పని ఒక్కటే మిగిలింది: పడిందో లేదో, ఎంత పడిందో చూసుకోవడం. చాలా చిన్న పని. ఎప్పుడైనా చేసుకోవచ్చు అనిపించే పని. సరిగ్గా అలాంటి పనులే కదా ఎప్పటికీ జరగవు.

2017లో ఇది దేశవ్యాప్తంగా బయటపడింది. సిమ్ కార్డుకి ఆధార్ లింకు చేసుకోవడానికి వెళ్ళిన లక్షలమంది ఎయిర్‌టెల్ కస్టమర్ల పేరు మీద, వాళ్ళకి స్పష్టంగా చెప్పకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయి. ఆధార్‌కి చివరగా ఏ ఖాతా లింకైతే సబ్సిడీ అందులోకే వెళ్తుంది, నియమం అది. దాంతో గ్యాస్ డబ్బులు ఆ కొత్త ఖాతాల్లోకి మళ్ళాయి. డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ కంపెనీ ఇ-కేవైసీ లైసెన్సును నిలిపివేసింది. వెనక్కి ఇవ్వాల్సి వచ్చిన మొత్తం 190 కోట్లు, ఖాతాదారులు 31 లక్షల పైచిలుకు. కంపెనీ చేసింది సరే, దాని సంగతి చట్టం చూసుకుంది. నన్ను ఆపేసేది రెండో అంకె. ముప్పై ఒక్క లక్షల ఇళ్ళలో వంట జరుగుతూనే ఉంది, సిలిండర్లు బుక్ అవుతూనే ఉన్నాయి, డబ్బు వేరే దారిన పోతూనే ఉంది. అదే డబ్బు డెలివరీ బాయ్ గుమ్మం దగ్గర ఎక్కువ అడిగి ఉంటే మొదటి రోజే వీధంతా వినపడేది.

2020లో జరిగింది ఇంకా మెత్తగా జరిగింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీలో సిలిండర్ ధర 858.50, దాని మీద సబ్సిడీ 291.48. మే నెలకి అంతర్జాతీయ ధర పడిపోయి సిలిండర్ 581.50కి దిగింది. సబ్సిడీ ధర, మామూలు ధర ఒకటే అయ్యేసరికి ఢిల్లీలో సబ్సిడీ సున్నా. లాక్‌డౌన్ రోజులు, ధర తగ్గింది, ఎవరికీ అభ్యంతరం లేదు. తర్వాత ధర మళ్ళీ ఎక్కింది. సబ్సిడీ ఎక్కలేదు. 2023 మార్చికి హైదరాబాద్‌లో సిలిండర్ 1155 రూపాయలు. మన దగ్గర ఆ కాలమంతా ఖాతాలో పడ్డది దాదాపు నలభై రూపాయలు.

ఆ నలభై దగ్గరే ఈ కథంతా ఉందని నా అనుమానం. పూర్తిగా ఆగిపోయి ఉంటే ఎవరైనా ఎప్పుడో ఏజెన్సీకి వెళ్ళి అడిగేవాళ్ళు. మెసేజ్ మాత్రం వస్తూనే ఉంది. "పైసలు పడ్డయా?" అంటే "పడ్డయి" అనేదే సరైన జవాబు. ఎన్ని అనేది ఇంకో ప్రశ్న, దాన్ని ఎవరూ అడగరు. ధర వందో యాభయ్యో పెరిగితే ఖాళీ సిలిండర్లతో రోడ్డు మీద ధర్నాలు చేశాం, టీవీల్లో చర్చలు పెట్టాం. తగ్గింపు రెండొందల యాభై తగ్గితే ఏ చౌరస్తాలోనూ ఎవరూ కూర్చోలేదు. లెక్కకు రెండూ ఒకటే. కనపడే చోటే వేరు.

తమ ప్రవర్తనను తప్పుగా అంచనా వేసుకోవడం కొనేవాళ్ళ సొత్తేమీ కాదు. పహల్ వల్ల, "సబ్సిడీ వదులుకోండి" పిలుపు వల్ల వేల కోట్లు ఆదా అయ్యాయని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. 2016లో కాగ్ ఆ లెక్క విప్పింది. 2015 ఏప్రిల్-డిసెంబరు మధ్య సబ్సిడీ చెల్లింపు అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 23 వేల కోట్లకు పైగా తగ్గిన మాట నిజం. అందులో ఈ రెండింటి వల్ల, అంటే జనం వాడకంలో వచ్చిన మార్పు వల్ల తగ్గింది సుమారు 1764 కోట్లు. మిగిలిన 21 వేల కోట్ల పైచిలుకు, ప్రపంచ మార్కెట్లో ధరలు పడిపోవడం వల్ల.

భానూర్‌లో నేను కొన్నాళ్ళు ఒకే ప్రశ్నతో తిరిగాను. "మీకు సిలిండర్ ఎంతకొస్తుంది?" సర్వే అనేంత సీను లేదు, తెలిసిన ఇళ్ళు, కిరాణా కొట్టు అరుగు. ఒక సంభాషణ మాత్రం దాదాపు అన్ని ఇళ్ళలోనూ ఇలాగే నడిచింది.

"ఐదొందలకే వస్తది."

"మరి ఇచ్చేటప్పుడు ఎంతిస్తరక్కా?"

"తొమ్మిదొందల ఐదు. మల్ల తెచ్చిన పోరడు ముప్పై ఎక్కువ అడుగుతడు."

"మిగిలినయి పడ్డయా?"

"పడుతనే ఉంటయ్ తియ్. మా ఆయన ఫోన్ల వస్తది మెసేజ్."

"పోయినసారివి?"

"గదంత ఎవరు చూస్తున్నరు, బిడ్డా!"

ఇంట్లో సిలిండర్ డబ్బు ఇచ్చేది ఒకరు, ఖాతా ఇంకొకరిది, ఫోను మరొకరి చేతిలో. కట్టడం ఆమె కొంగుముడి లోంచి, పడటం ఆయన ఖాతాలో. ఇంటి లెక్కలో ఈ రెండూ ఎన్నడూ ఎదురుపడవు. ఆమెకు ధర గుర్తుంది. అది గోడ మీద పోస్టర్లో ఉన్న ధర. ఒక్కరే తేడాగా కనిపించారు. ఫ్యాక్టరీలో రిటైరైన ఒకాయన. సిలిండర్ వచ్చిన తేదీ, కట్టింది, పడింది, పాత డైరీలో మూడు గళ్ళు గీసి రాస్తున్నారు. రోచ్‌డేల్‌లో పుట్టాల్సిన మనిషి.

డబ్బు పడినప్పుడు మనం దాన్ని ఏమంటామనేది కూడా చిన్న విషయం కాదు. నికొలస్ ఎప్లీ, ఆయన సహచరులు 2006లో రాసిన పేపర్లో ఒకే మొత్తాన్ని కొందరికి బోనస్ అని, కొందరికి రిబేటు అని చెప్పి ఇచ్చి చూశారు. బోనస్ అన్నవాళ్ళు ఎక్కువ ఖర్చుపెట్టేశారు. రిబేటు అంటే నాదే నాకు తిరిగొచ్చింది, బోనస్ అంటే కొత్తగా వచ్చింది. మన దగ్గర ఈ తేడా భాషలోనే తేలిపోతుంది. "నా పైసలు వాపస్ వచ్చినయ్" అన్నవాళ్ళు నాకు తగల్లేదు. "గవర్నమెంటు పైసలు పడ్డయ్" అనే అంటారు. ముందు తన చేత్తో కట్టిందే కదా అని గుర్తుచేస్తే నవ్వేస్తారు.

ఇప్పుడున్నది మహాలక్ష్మి. 2024 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం 500 రూపాయల సిలిండర్ మొదలుపెట్టింది. అప్పుడు హైదరాబాద్‌లో ధర 955, మార్చిలో 855 అయింది, 2025 ఏప్రిల్లో 905. ఎంతున్నా మొత్తం ముందు కట్టాలి, ఐదొందలు పోను మిగిలింది తర్వాత ఖాతాలో పడాలి. 2024 దీపావళికి ఆంధ్రప్రదేశ్ దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ప్రకటించింది. అక్కడ కూడా మొదట్లో 'ఉచితం' అంటే ముందు కట్టడమే, డబ్బు 48 గంటల్లో వెనక్కి వస్తుందన్నారు. గడువు చెప్పడం మంచిదే. వారం కూలీ మీద బతికే ఇంట్లో మాత్రం 48 గంటలు కూడా లెక్కలోకే వస్తాయి. ఇక్కడ కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళలో సిలిండర్ అయిపోయిన రోజు బుక్ చెయ్యరు, జీతం పడిన రోజు బుక్ చేస్తారు. మధ్యలో ఆ నాలుగు రోజులు పెరట్లో కట్టెల పొయ్యి వెలుగుతుంది. 2025లో వాళ్ళ చేతి మీద పనిచేసిన ధర 905, మాట మీద పనిచేసిన ధర 500.

మహాలక్ష్మిలో ఇంకో మెలిక ఉంది. ఒక ఇంటికి ఏడాదికి ఎన్ని సిలిండర్లకు ఈ తగ్గింపు అనేది, ఆ ఇల్లు గడిచిన మూడేళ్ళలో సగటున ఎన్ని వాడిందో చూసి నిర్ణయించారు. ఆ మూడేళ్ళు ఏవో గమనించాలి. ధర వెయ్యి దాటిన రోజులు, సబ్సిడీ నలభై అయిన రోజులు. ఆ కాలంలో గ్యాస్ పొదుపు చేసి, అన్నం కట్టెల మీద వండి, చాయ్ మాత్రం స్టవ్ మీద పెట్టుకున్న ఇంటికి సగటు తక్కువే తేలుతుంది. ధరకు భయపడకుండా వాడుకున్నవాళ్ళ సగటు ఎక్కువ. ఎవరికి ఎన్ని వస్తాయో ఇళ్ళలో చాలామందికి తెలియదు. ఈసారి పడలేదేమిటి అని అడగడానికి వెళ్తేనే ఏజెన్సీలో ఆ అంకె బయటపడుతుంది.

ఇక కంపెనీల చుట్టూ రూముల్లో ఉండే ఒడిశా, బిహార్ కుర్రాళ్ళు. ఇక్కడి రేషన్ కార్డు లేదు, గ్యాస్ కనెక్షన్ ఊళ్ళో తల్లి పేరు మీద ఉంటుంది. వీళ్ళు చిన్న సిలిండర్లో కిలోల లెక్కన పోయించుకుంటారు. చట్టప్రకారం అలా పోయకూడదు, ప్రమాదం కూడా. అయినా నడుస్తుంది. వీళ్ళకి సబ్సిడీ లేదు, మెసేజ్ లేదు, సగటు లేదు. సిలిండర్ ఎంతకొస్తుందని నేనడిగితే ఆలోచించకుండా, వెంటనే, రూపాయితో సహా జవాబు చెప్పింది వీళ్ళే. కిలో ఇవాళ ఎంత, పోయిన నెల ఎంత, ఏ కొట్లో తూకం తక్కువ వస్తుంది, నలుగురికి వండితే కిలో ఎన్ని రోజులొస్తుంది అనే లెక్క మొత్తం.